"తాజా" అంటే ఎన్నాళ్ల కిందట కోసింది? జపాన్ బీఫ్ దిగుమతుల లెక్కల్లో రెండు గీతలు

వరంగల్‌లో పొద్దున్నే సంచీ పట్టుకుని పెద్దకూర దుకాణానికి వెళ్లినవారికి "తాజా" అన్న మాటలో అనుమానం ఏమీ ఉండదు. తెల్లవారుజామున కోసింది, కొక్కేనికి వేలాడుతున్నది, ఎండ ఎక్కితే ధర దిగేది. కస్టమ్స్ లెక్కల్లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ తాజా అంటే ఒక్కసారి కూడా గడ్డకట్టనిది, అంతే. నలభై రోజుల కిందట ఆస్ట్రేలియాలో కోసి, సంచుల్లో గాలి తీసి, ఓడలో తెచ్చి జపాన్ రేవులో దించిన మాంసం కూడా ఆ పుస్తకంలో తాజాయే.

దాదాపు అన్ని దేశాల కస్టమ్స్ వాళ్లూ వాడే సరుకుల కోడ్‌లలో పశుమాంసానికి రెండు ఖాతాలున్నాయి. 0201 తాజా లేదా చిల్డ్ (గడ్డకట్టకుండా చల్లబరిచినది), 0202 ఫ్రోజెన్ (గడ్డకట్టించినది). ఒక్కో ఖాతాలో మళ్లీ మూడు అరలు: చివర 10 ఉంటే పూర్తి లేదా సగం కార్కస్ (తోలు, తల, పేగులు తీసేసిన పశువు), 20 ఉంటే ఎముకతో ఉన్న ముక్కలు, 30 ఉంటే ఎముక తీసినవి. ఆవు, ఎద్దు, బర్రె అన్నీ ఇందులోనే. నాలుక, కాలేయం, బోటీ లాంటివి మాత్రం 0206కి పోతాయి. జపాన్‌లో కాల్చుకు తినడానికి ఎంతో ఇష్టపడే "హరామి", అంటే పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండర పొర, చూడటానికి అచ్చం మాంసమే అయినా అక్కడి కస్టమ్స్ దాన్నీ 0206లోనే వేస్తుంది. ఈ సంగతి తెలియక 0201, 0202 మాత్రమే కూడి "జపాన్ ఇంత దిగుమతి చేసుకుంది" అని రాసేవారు మొదటి తప్పు అక్కడే చేస్తారు.

రెండో తప్పు ఇంకా పెద్దది. 0201నూ 0202నూ కలిపి గ్రాఫ్‌లో ఒకే గీతగా గీసి, ఆ గీత ఎందుకు లేచింది, ఎందుకు పడింది అని వెతకడం. చిల్డ్ మాంసం ఆగదు, ఫ్రోజెన్ మాంసం ఆగుతుంది. జపాన్ లెక్కల్లో అర్థంకాని ఒడుదొడుకులు చాలావరకు ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

మనకు ఈ గోల ఎందుకు అనిపించవచ్చు. భారత్‌లోకి బీఫ్ దిగుమతి నిషేధం కాబట్టి మన దేశానికి ఇలాంటి గీతే లేదు. మనం అమ్మే వైపున ఉన్నాం. ఎగుమతికి అనుమతి ఉన్నది ఎముక తీసిన బర్రె మాంసానికే. ఆవు, ఎద్దు, లేగ మాంసం ఎగుమతి చేయకూడదు, బర్రె కార్కస్‌ను ఎముకతో పంపకూడదు. అయినా అంగడిలో ఒట్టిపోయిన బర్రెకు పలికే ధర వెనక ఎక్కడో ఒక దిగుమతి దేశం లెక్కలుంటాయి. కొనేవాడి లెక్క చదవడం నేర్చుకోవడానికి జపాన్ మంచి బడి. అక్కడి వినియోగంలో సొంత ఉత్పత్తి వాటా 40 శాతం దగ్గరే. మిగతాదంతా బయటి నుంచే వస్తుంది. సుంకం, రోగం, కరెన్సీ మూడూ అక్కడ విడివిడిగా కనిపిస్తాయి.

సంచిలో ఏం జరుగుతుంది

ఒక మాంసం ముక్క కోసిన నాటి నుంచి మూడు నెలల పైన గడ్డకట్టకుండా నిలవడం మామూలు విషయం కాదు. కోసిన తర్వాత ఒకటి రెండు రోజులు కార్కస్‌ను చల్లటి గదిలో వేలాడదీస్తారు. తొడ లోపలి మాంసం కూడా 7 డిగ్రీల కిందికి రావాలి. ఆ తర్వాత ఎముక తీసి, పెద్ద పెద్ద కండలుగా విడదీసి, గాలి చొరని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి గాలి లాగేస్తారు. సంచిని 80 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో రెండు మూడు సెకన్లు ముంచితే ప్లాస్టిక్ ముడుచుకుని మాంసానికి అతుక్కుంటుంది. అట్టపెట్టెల్లోకి ఎక్కాక సున్నాకు, మైనస్ ఒకటిన్నరకు మధ్య ఉంచాలి. అంతకన్నా కిందికి పోతే మాంసం గడ్డకట్టడం మొదలవుతుంది, 0201 కాస్తా 0202 అవుతుంది. పైకి పోతే ఆయుష్షు కరిగిపోతుంది. 5 డిగ్రీల దగ్గర ఉంచిన పెట్టె, సున్నా దగ్గర ఉంచిన దానితో పోలిస్తే సగం రోజులు కూడా నిలవదు. జాగ్రత్తగా చేస్తే ఆస్ట్రేలియా బీఫ్ 120 రోజులకు పైగా నిలుస్తుంది.

ఆ సంచి విప్పితే మాంసం ఎర్రగా ఉండదు. గాలి తగలక ముదురు ఊదారంగులో ఉంటుంది, కాస్త పుల్లటి వాసన కొడుతుంది. చెడిపోయిందని చాలామంది అక్కడే పారేస్తారు. అరగంట గాలికి పెడితే రంగు తిరుగుతుంది, వాసన పోతుంది. పోకపోతే అప్పుడు అనుమానించాలి. సంచి బెలూన్‌లా ఉబ్బితే అది చలిలోనే పెరిగే క్లోస్ట్రీడియం జాతి సూక్ష్మజీవి పని. మైనస్ ఒకటిన్నర దగ్గర కూడా అది ఆగదు. మాంసం మీద ఆకుపచ్చటి ఛాయ కనిపిస్తే కథ కబేళా కంటే ముందే మొదలైంది. అంగడి నుంచి లారీలో కుక్కి, మేత నీళ్లు లేకుండా రాత్రంతా తెచ్చిన పశువు కండరాల్లో చక్కెర నిల్వ అయిపోతుంది. కోశాక ఆ చక్కెరే లాక్టిక్ ఆమ్లంగా మారి మాంసం పీహెచ్‌ను (ఆమ్లం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7 నుంచి 5.5 దగ్గరికి దించాలి. నిల్వే లేకపోతే పీహెచ్ 6 పైనే నిలిచిపోతుంది. మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది, సంచిలో పచ్చబడుతుంది. పెట్టె అడుగున రక్తంలాంటి నీరు ఎక్కువగా ఊరితే దారిలో ఎక్కడో చలి తప్పిందనుకోవాలి. సంచికి సూది మొనంత చిల్లు పడ్డా గాలి చొరబడి ఇంత జాగ్రత్తా వృథా. ఎముక కొస తగిలి చిల్లు పడే ప్రమాదం ఎక్కువ కాబట్టే ఎముక తీసిన సరుకుకు మొగ్గు.

ఇంకో లాభం చెప్పుకోవాలి. సంచిలో ఉన్నన్నాళ్లూ మాంసంలోని సొంత ఎంజైములు కండరాన్ని మెత్తబరుస్తూనే ఉంటాయి. పొద్దున కోసి మధ్యాహ్నం వండే పెద్దకూరకు కుక్కర్‌లో అన్ని విజిల్స్ ఎందుకు కావాలో, జపాన్‌వాళ్లు మూడు వారాల మాంసాన్ని పల్చగా కోసి రెండు నిమిషాల్లో కాల్చుకుని ఎలా తింటారో ఇక్కడే తెలుస్తుంది.

ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన చిల్డ్ పెట్టెకు దిగిన రోజు నుంచే గడియారం నడుస్తుంది. ఫ్రోజెన్‌కు ఆ తొందర లేదు. మైనస్ 18 దగ్గర ఏడాది పైనే ఉంటుంది. ఇక గీతలు చూద్దాం.

సుంకం గీసిన గీత

1991 ఏప్రిల్ దాకా జపాన్‌లో బీఫ్ దిగుమతికి కోటాలుండేవి. అవి ఎత్తేసి 70 శాతం సుంకం పెట్టారు. తర్వాతి రెండేళ్లలో 60, 50 చేశారు. ప్రపంచ వాణిజ్య ఒప్పందం ప్రకారం 2000 నాటికి 38.5 శాతానికి దించారు. ఆ ఆర్థిక సంవత్సరంలోనే దిగుమతులు 7 లక్షల 38 వేల టన్నులకు చేరాయి. ఆ ఎత్తు మళ్లీ రాలేదు.

38.5తో పాటు ఒక అడ్డుకట్ట కూడా కట్టారు. ఏప్రిల్ నుంచి లెక్కపెడుతూ పోయి, ఏ త్రైమాసికం చివరికైనా దిగుమతి కిందటేడు అదే కాలంతో పోలిస్తే 17 శాతానికి మించి పెరిగితే, మిగతా ఏడాదికి సుంకం 50 శాతానికి ఎగబాకేది. చిల్డ్‌కు వేరే లెక్క, ఫ్రోజెన్‌కు వేరే లెక్క. పైకి న్యాయంగానే కనిపించే ఈ నియమంలో పెద్ద లొసుగు ఉండేది. కిందటేడు పడిపోయి ఉంటే, ఈ ఏడాది మామూలుకు వచ్చినా "పెరుగుదల" కిందే లెక్క.

2003లో అచ్చం అదే అయింది. 2001 సెప్టెంబరులో జపాన్‌లో మొదటి మ్యాడ్ కౌ (పశువు మెదడును పాడుచేసే రోగం) కేసు బయటపడి జనం బీఫ్ ముట్టడం మానేశారు. 2002 అంతా అమ్మకాలు నీరసం. 2003లో తిండి మళ్లీ మామూలు దారిలో పడుతుండగా చిల్డ్ లెక్క 17 శాతం దాటింది. ఆగస్టు 1 నుంచి సుంకం 50 అయింది. ఎవరూ వరదలా తెచ్చి పోయలేదు, గోతిలోంచి పైకి వచ్చారంతే. శాతాల్లో రాసిన ఏ ట్రెండ్ చూసినా, దేనితో పోల్చారు అని మొదట అడగాలి.

2017లో అడ్డుకట్ట ఫ్రోజెన్ మీద పడింది. ఆగస్టు నుంచి మరుసటి మార్చి దాకా అమెరికా ఫ్రోజెన్‌కు 50 శాతం. ఆస్ట్రేలియాకు మాత్రం 27.2 శాతమే. 2015 జనవరిలో అమల్లోకి వచ్చిన సొంత ఒప్పందం దానికి గొడుగు పట్టింది. ఆ ఒప్పందం చిల్డ్, ఫ్రోజెన్‌లను వేర్వేరుగానే చూసింది: మొదటి రోజే చిల్డ్‌కు 32.5, ఫ్రోజెన్‌కు 30.5. ఫ్రోజెన్‌కు ఎక్కువ రాయితీ దొరకడం యాదృచ్ఛికం కాదు. సూపర్ బజార్లలో జపాన్ రైతు సరుకుతో పక్కపక్కన కూర్చునేది చిల్డ్. ఫ్రోజెన్ హోటళ్లకూ హాంబర్గర్లకూ పోతుంది. రైతును కాపాడాలంటే కంచె చిల్డ్ దగ్గరే ఎత్తుగా ఉండాలి. 2018 డిసెంబరు 30న పసిఫిక్ దేశాల ఒప్పందం వచ్చాక దాని కింద రెండింటికీ ఒకే రేటు 27.5, 2033 నాటికి 9 శాతానికి దిగాలి. అమెరికా 2020 జనవరిలో విడి ఒప్పందంతో అదే మెట్లు ఎక్కింది. ఆ అమెరికా ఒప్పందంలో అడ్డుకట్ట టన్నుల్లో ఉంది. 2020 ఆర్థిక సంవత్సరానికి 2 లక్షల 42 వేల టన్నులు. అది దాటడంతో 2021 మార్చి 18 నుంచి ముప్పై రోజులు సుంకం 25.8 నుంచి 38.5కు ఎగిరింది.

ఇక్కడే రెండు గీతల తేడా కళ్లకు కడుతుంది. ఈ ఒప్పందాల్లో సుంకం ఏటా ఏప్రిల్ 1న ఒక మెట్టు దిగుతుంది. మార్చి 20న రేవుకు వచ్చిన ఫ్రోజెన్ కంటైనర్‌ను దిగుమతిదారు బాండెడ్ గోదాములో (సుంకం ఇంకా కట్టని సరుకు ఉంచేచోట) పడేసి పది రోజులు ఆగితే చాలు, తక్కువ సుంకం. ఆగుతాడు కూడా. అందుకే ఫ్రోజెన్ గీత మార్చిలో కుంగి ఏప్రిల్‌లో లేస్తుంది. ఏప్రిల్ అంకెలు చూసి "జపాన్‌లో బీఫ్ గిరాకీ పుంజుకుంది" అని రాస్తే నవ్వులపాలే. తిన్నది పెరగలేదు, కాగితం తేదీ మారింది. చిల్డ్‌ను అలా ఆపడం కష్టం. ఆపిన ప్రతి రోజూ దుకాణంలో అమ్ముకోవాల్సిన ఒక రోజును తినేస్తుంది. కాబట్టి జనం నిజంగా ఎంత తింటున్నారో తెలియాలంటే చిల్డ్ గీత చూడాలి. ఫ్రోజెన్ గీతలో వ్యాపారి లెక్కలే ఎక్కువ. ఫ్రోజెన్‌ను ఎప్పుడైనా వాడుకోవాల్సి వస్తే మార్చి, ఏప్రిల్ కలిపి సగటు తీయాలి.

రోగం గీసిన గీత

2003 డిసెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఆవుకు మ్యాడ్ కౌ తేలింది. జపాన్ వెంటనే తలుపు మూసింది. అప్పటిదాకా దిగుమతిలో దాదాపు సగం అమెరికాదే. 2004 ఆర్థిక సంవత్సరంలో మొత్తం దిగుమతి 4 లక్షల 50 వేల టన్నుల దగ్గరికి జారింది. ఆస్ట్రేలియా వాటా నూటికి 90 దగ్గరికి పోయింది. ఆ ఖాళీ మొత్తం ఆస్ట్రేలియాతో ఎందుకు నిండలేదు?

ఒక గిన్నెలో జవాబుంది. అన్నం మీద ఉల్లిపాయలతో ఉడికించిన పల్చటి మాంసం వేసే "గ్యూదోన్" అక్కడి చవక భోజనం. దానికి వాడేది అమెరికా పశువు పొట్ట దగ్గరి కండ, షార్ట్ ప్లేట్. మొక్కజొన్న మేపిన పశువులో అక్కడ కొవ్వూ కండా పొరలు పొరలుగా ఉంటాయి. గడ్డి మేసిన ఆస్ట్రేలియా పశువులో ఆ కొవ్వుండదు, ఉడికిస్తే పిప్పిలా ఉంటుంది. యోషినోయా అనే పేరున్న గ్యూదోన్ హోటళ్ల సంస్థ 2004 ఫిబ్రవరిలో ఆ వంటకాన్నే ఆపేసి పంది మాంసం వడ్డించింది. బీఫ్ అన్నది ఒక సరుకు కాదు, పాతిక ముప్పై సరుకుల కట్ట. ఒక దేశం తలుపు మూసుకుంటే ఇంకో దేశం టన్నులు పంపగలదేమో గానీ అదే కండను పంపలేదు.

అమెరికా తిరిగి రావడం మెట్లమీదుగా జరిగింది. 2005 డిసెంబరులో తెరిచారు. 2006 జనవరిలో ఒక పెట్టెలో, మ్యాడ్ కౌ భయంతో రాకూడదన్న వెన్నెముక కనిపించడంతో మళ్లీ మూశారు, జులైలో తెరిచారు. 20 నెలల లోపు పశువులవే రావాలన్నారు. 2013 ఫిబ్రవరిలో ఆ వయసు 30 నెలలైంది, 2019 మేలో వయసు షరతే ఎత్తేశారు. పశువు వయసు ఒక్క అంకె మారితే ఎగుమతికి పనికొచ్చే మంద ఎంతో పెరుగుతుంది. 2013 తర్వాత గీత లేచిందంటే జనానికి ఉన్నట్టుండి ఆకలి పెరిగి కాదు.

యెన్ మింగేసిన సుంకం

ఇటీవలి కథ తిరగబడింది. సుంకం దిగుతోంది, దిగుమతీ దిగుతోంది. 2018 ఆర్థిక సంవత్సరంలో 6 లక్షల టన్నులు దాటిన దిగుమతి 2023లో 5 లక్షల దగ్గరికి వచ్చింది. చిల్డ్ 2 లక్షల 70 వేల పైచిలుకు నుంచి 2 లక్షల చుట్టూ పడింది. ఎందుకో లెక్క వేసి చూడవచ్చు. కిలో 10 డాలర్ల మాంసం అనుకుందాం. డాలరుకు 110 యెన్‌లు, సుంకం 38.5 శాతం ఉంటే రేవు దాటేసరికి 1,523 యెన్‌లు. డాలరుకు 150, సుంకం 22.5 శాతం అయితే 1,837. సుంకం పదహారు పాయింట్లు తగ్గినా సరుకు ఇరవై శాతం ప్రియం. యెన్ 2022 అక్టోబరులో 150 దాటింది, 2024 జులైలో 160 పైనా కనిపించింది. పైగా డాలర్లలో ధర కూడా నిలకడగా లేదు. కరువుతో మందలు అమ్ముకున్న అమెరికాలో 2024 జనవరికి పశువుల సంఖ్య 8 కోట్ల 72 లక్షలకు పడింది, 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ లేదు. జపాన్ ఇంట్లో బీఫ్ స్థానంలోకి కోడి, పంది వచ్చాయి.

లెక్కలు చదివేటప్పుడు

యూనిట్ తేడా గమనించకపోతే ఇదంతా తలకిందులవుతుంది. 400 కిలోల బర్రెను కోస్తే కార్కస్ 200 కిలోల చుట్టూ వస్తుంది, ఎముక తీస్తే 140 మిగులుతుంది. జపాన్ వాళ్లు ఈ 140ని రాస్తారు, అమెరికా వ్యవసాయ శాఖ తన పట్టికలో కార్కస్ లెక్కకు మార్చి రాస్తుంది. ఎముక లేని మాంసాన్ని సుమారు 1.36 నుంచి 1.4తో గుణిస్తారు. అందుకే ఒకే ఏడాదికి ఒకచోట 5 లక్షలు, ఇంకోచోట 7 లక్షల టన్నులు కనిపిస్తాయి. రెండూ నిజమే. ఏడాది కూడా చూసుకోవాలి. జపాన్‌కు, మనకు ఏప్రిల్ నుంచి మార్చి. అమెరికా పట్టికలు జనవరి నుంచి.

ఎగుమతి చేసిన దేశం అంకెను, దిగుమతి చేసుకున్న దేశం అంకెతో సరిచూడటం మంచి అలవాటు. ఓడ ప్రయాణానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి నెలలు ఎలాగూ కలవవు, ఏడాదికి మాత్రం దగ్గరగా రావాలి. రాకపోతే కథ ఉన్నట్టే. భారత్ లెక్కల్లో ఏళ్ల తరబడి బర్రె మాంసం ఎక్కువగా కొన్నది వియత్నాం. అంత మాంసం అక్కడివాళ్లే తిన్నారనుకుంటే పొరపాటు. సరిహద్దు దాటి చైనాలోకి దొడ్డిదారిన చేరేది. చైనా కస్టమ్స్ పుస్తకంలో మాత్రం ఉండేది కాదు. చైనా ఆ దారి బిగించాక మలేసియా, ఈజిప్ట్, ఇండోనేసియాల పేర్లు పైకి వచ్చాయి. 2014-15లో సుమారు 14 లక్షల 75 వేల టన్నులకు చేరిన మన ఎగుమతి 2022-23లో 11 లక్షల 75 వేల దగ్గర ఉంది.

మన మాంసం 0201లో ఎందుకు లేదు

వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుచుకుంటే ఇక్కడి నుంచి చల్లటి మాంసం విదేశాలకు పోదా అని అనుకోవచ్చు. అడ్డు రన్‌వే కాదు, గాలికుంటు, అంటే పశువుల నోటికీ గిట్టలకూ పుళ్లు తెచ్చే వైరస్ రోగం. ఆ వైరస్ ఉన్న దేశాల పచ్చి మాంసాన్ని జపాన్ రానివ్వదు. రానిచ్చే దేశాలకూ షరతులున్నాయి. కోశాక కార్కస్‌ను 2 డిగ్రీల పైన 24 గంటలైనా ఉంచాలి, వెన్ను కండలో పీహెచ్ 6 కంటే తక్కువకు రావాలి. ఆ ఆమ్లంలో వైరస్ చస్తుంది. కానీ ఎముక మజ్జలో, లింఫ్ గ్రంథుల్లో ఆ ఆమ్లం తయారు కాదు. అందుకే ఎముక తీయాలి, పైకి కనిపించే గ్రంథులు ఒలిచెయ్యాలి. "బోన్‌లెస్" అన్న మాట వెనక ఉన్నది తినేవాడి సౌకర్యం ఒక్కటే కాదన్నమాట. ఇంత చేశాక సరుకును మైనస్ 40 ఫ్రీజర్లలో పలకలుగా గడ్డకట్టించి, 20 కిలోల పెట్టెల్లో కడతారు. నలభై అడుగుల కంటైనర్‌కు 1,400 పెట్టెలు, 28 టన్నులు. అన్నీ 0202 30 కిందికే. గాలికుంటును టీకాలతో 2030 నాటికి తుడిచేయాలని కేంద్రం 2019లో కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెల్లో ఆర్నెల్లకోసారి బర్రెలకు వేసే ఆ సూదికీ, వాటి మాంసం ఏ ఖాతాలో పోతుందన్నదానికీ నేరుగా లంకె ఉంది. కొంత మాంసం విమానాల్లో గల్ఫ్‌కు చిల్డ్‌గా పోతుంది గానీ మొత్తంలో అది చిన్న పాయ.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయి అక్కడి సూపర్ మార్కెట్లలో, కోల్డ్ స్టోర్లలో పనిచేసేవారికి ఈ తేడా రోజూ చేతికి తగిలేదే. ఒకే అరలో మూడు రకాలుంటాయి. విమానంలో కార్కస్‌గా దిగి నాలుగైదు రోజుల్లో అమ్ముడుపోవాల్సినది ఒకటి. ఆస్ట్రేలియా నుంచి సంచిలో వచ్చి వారాలుగా నిలిచినది ఇంకొకటి. భారత్ నుంచి గడ్డకట్టి వచ్చి, రాత్రి కరిగించి పొద్దున తట్టలో పేర్చినది మూడోది. దాని తట్ట అడుగున నీరు కాస్త ఎక్కువ ఊరుతుంది, అంచులు మెత్తగా ఉంటాయి, మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే పీచులా అయిపోతుంది. అరలో పక్కపక్కనే ఎర్రగా మెరిసినా, కరిగిపోయినంత మాత్రాన దాని ఖాతా మారదు. దిగుమతి పుస్తకంలో అది 0202గానే ఉండిపోతుంది.